ముందు నీళ్లను చూడండి

ఫోటోషాప్‌లో నీటి అడుగు దృశ్యం చేయడం నేర్పే వీడియోలకు కొదవ లేదు. అన్నీ ఇంచుమించు ఒకే దారి పడతాయి. ఫోటో మీద నీలం పొర వెయ్యి. పైనుంచి నాలుగు తెల్ల కిరణాలు దించు. బుడగల బ్రష్ డౌన్‌లోడ్ చేసుకుని చల్లు. ఓ పగడపు దిబ్బ, ఓ నారింజ రంగు చేప అతికించు. పది నిమిషాల్లో సముద్రం తయారు. చూసినవాళ్లు బాగుందంటారు, వేలితో పైకి జరిపి వెళ్లిపోతారు.

నన్ను బాధపెట్టేది వాళ్లు వెళ్లిపోవడం కాదు. ఆ పది నిమిషాలూ శ్రద్ధగా కూర్చున్న కుర్రాడికి చివర్లో బొమ్మ మిగులుతుంది గానీ విద్య మిగలదు. రేపెవరైనా వచ్చి ‘సముద్రం వద్దు బాబూ, మా ఊరి బావి కావాలి’ అంటే అతడి చెయ్యి ఆగిపోతుంది. నీలం ఎందుకు వేశాడో, కిరణం ఎందుకు దించాడో అతడికి తెలియదు. ఎవరో వేశారు కాబట్టి తనూ వేశాడు.

పెళ్లి ఆల్బమ్‌లు చేస్తున్నవాళ్లు, ఫ్లెక్సీలు డిజైన్ చేసేవాళ్లు, సినిమా గ్రాఫిక్స్‌లోకి వెళ్లాలని హైదరాబాద్ వచ్చి కోర్సుల్లో చేరినవాళ్లు, ఈ నాలుగు మాటలూ మీ కోసమే. సాఫ్ట్‌వేర్ రెండో మెట్టు. మొదటి మెట్టు చూడడం, చూసినదాన్ని పట్టుకుని ‘ఇది ఇలా ఎందుకుంది?’ అని అడగడం. ఆ అలవాటు ఉన్నవాడికి ఏ సాఫ్ట్‌వేరైనా లొంగుతుంది. లేనివాడు ఏళ్ల తరబడి మెనూలు కంఠస్థం చేసినా ఇంకొకరి వెనకే నడుస్తుంటాడు.

ఈ అలవాటు చేసుకోవడానికి నీటి అడుగు దృశ్యం కంటే మంచి అభ్యాసం నాకు తోచలేదు. ఉత్త మాటలు కాకుండా, ఒక పని ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.

మే నెల నుంచి ఆగస్టుకు

నంద్యాల జిల్లా కొత్తపల్లి మండలంలోని సంగమేశ్వరం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కృష్ణ, తుంగభద్ర, భవనాసి మొదలైన ఏడు నదులు కలిసే చోటని ప్రసిద్ధి. శ్రీశైలం జలాశయం ఏర్పడ్డాక అక్కడి గుడి ముంపులోకి వెళ్లింది. వరద వచ్చి నీటిమట్టం పెరిగితే గుడి మునిగిపోతుంది, నెలల తరబడి నీళ్లలోనే ఉండిపోతుంది. మట్టం తగ్గేకొద్దీ ముందు శిఖరం కనబడుతుంది, తర్వాత గోడలు, ఆఖరికి గర్భాలయం. వేసవిలో జనం నడిచి లోపలికి వెళ్లి వేప దారు లింగానికి మొక్కుతారు. వానలు పడగానే నీరు మళ్లీ మెట్లెక్కుతుంది.

వేసవిలో తీసిన ఫోటోలు బోలెడు. వరద రోజుల్లో, నీటి కింద, ఆ గోడలు ఎలా ఉంటాయో చూపించే ఫోటో నా కంటబడలేదు. మన పని అదే అనుకుందాం. మే నెలలో తీసిన ఫోటోను ఆగస్టులోకి పంపాలి.

ఈ గుడినే ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. ఆ జలాశయం కింద ఊళ్లకు ఊళ్లే మునిగాయి. కూడలి సంగమేశ్వరాలయం అనే మరో గుడిని విప్పి అలంపురానికి తరలించి తిరిగి నిలబెట్టారు గానీ, ఇళ్లనూ పొలాలనూ అలా తరలించే వీలు లేదు. ఊరు వదిలి వెళ్లినవాళ్లకు ఆ నీళ్లు ఉత్త నీళ్లు కావు. మీరు చేసే బొమ్మ ఇంకొకరి జ్ఞాపకాన్ని తాకుతుందని తెలిస్తే చెయ్యి దానంతటదే జాగ్రత్తపడుతుంది. అందుకే అభ్యాసానికి ఎక్కడివో స్టాక్ ఫోటోలు తీసుకోవద్దంటాను. మీకు పట్టింపున్న చోటు తీసుకోండి. మీ ఊరి చెరువు, మీ తాతగారి బావి, మీరు ఈత నేర్చుకున్న కాలువ, ఏదైనా సరే. పట్టింపు ఉన్నచోట శ్రద్ధ కోసం వేరే పాఠాలు అక్కర్లేదు.

ఫోటో తెరిచారు. చెయ్యి నీలం వైపు వెళ్తుంది. ఆపండి. నీలమే ఎందుకు?

రామన్ అడిగిన ప్రశ్న

సముద్రం నీలంగా ఉండేది ఆకాశం అందులో ప్రతిఫలించడం వల్లేనని లార్డ్ రేలీ అంతటి శాస్త్రవేత్త చెప్పారు. లోకం ఒప్పుకుంది. 1921లో సి.వి.రామన్ ఇంగ్లండ్ నుంచి నార్కుండా అనే ఓడలో తిరిగి వస్తున్నారు. మధ్యధరా సముద్రం మీద ఓడ నడుస్తుంటే ఆ చిక్కటి నీలం ఆయన్ని నిలవనివ్వలేదు. దగ్గరున్న చిన్న నికోల్ పట్టకాన్ని కంటికి పెట్టుకుని, నీటి పైపొర మీద మెరిసే ఆకాశపు ప్రతిబింబాన్ని అడ్డగించి చూశారు. ప్రతిబింబమే కారణమైతే నీలం పోవాలి. పోలేదు సరికదా, ఇంకా చిక్కబడింది. రంగు నీటి లోపలి నుంచే వస్తోందని తేలిపోయింది. బొంబాయి రేవు నుంచే ‘నేచర్’ పత్రికకు రాసి పంపారు. ఆ ప్రశ్న వెంటే నడిచి 1928 ఫిబ్రవరి 28న తన పేరు మోసే ఆవిష్కరణకు చేరారు. 1930లో నోబెల్ వచ్చింది.

ఆయన బాల్యం విశాఖపట్నంలో గడిచింది. తండ్రి అక్కడి ఏవీఎన్ కాలేజీలో అధ్యాపకులు. రామన్ పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్ పాసైంది ఆ ఊళ్లోనే. సముద్రాన్ని ఆయన కొత్తగా చూసిందేమీ లేదు. చిన్నప్పటి నుంచీ ఎరిగినదాన్నే మళ్లీ ప్రశ్నించారు. ఆ ఓడ మీద ప్రయోగశాల లేదు, గ్రాంటు లేదు, సహాయకులు లేరు. జేబులో పట్టే పరికరం ఒకటీ, దేన్నీ ఊరికే ఒప్పుకోని బుద్ధి ఒకటీ ఉన్నాయి. ‘మాకు మంచి కంప్యూటర్ లేదండీ, గ్రాఫిక్స్ కార్డు లేదండీ’ అనే పిల్లలకు నేను చెప్పే మొదటి కథ ఇదే.

ఇప్పుడు మన ఫోటోకు వద్దాం. నీరు తెల్లని వెలుగులోంచి ముందు ఎరుపును మింగుతుంది. మొదటి కొన్ని మీటర్లలోనే ఎరుపు దాదాపు పోతుంది. తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు. తేట సముద్రంలో నీలం అన్నిటికంటే లోతుకు దిగుతుంది. ఎర్ర గుడ్డ పది మీటర్ల లోతున బూడిద రంగుకు తిరుగుతుంది, ఇంకా దిగితే నల్లగా కనబడుతుంది. 1926లో ఫ్లోరిడా తీరంలో లాంగ్లీ, చార్లెస్ మార్టిన్ అనే ఇద్దరు నీటి అడుగున తొలి రంగుల ఫోటోలు తీసినప్పుడు ఎండ చాలలేదు. నీటి పైన మెగ్నీషియం పొడి పేల్చి వెలుగు పుట్టించాల్సి వచ్చింది.

ఇదంతా సముద్రం సంగతి. శ్రీశైలం జలాశయం సముద్రం కాదు. వరద నీటిలో ఒండ్రు ఉంటుంది. నిలవ నీటిలో నాచు ఉంటుంది, కుళ్లిన ఆకుల సారం కలుస్తుంది. ఇవి నీలాన్ని కూడా తినేస్తాయి. మిగిలేది ఆకుపచ్చ, వరద ఉధృతంగా ఉంటే గోధుమ రంగు. కాబట్టి సంగమేశ్వరం గుడి మీద నీలం పొర వేస్తే ఆ గుడిని కృష్ణలోంచి ఎత్తి మాల్దీవుల్లో ముంచినట్టే. చూసేవాడికి కారణం తెలియకపోవచ్చు. ఎక్కడో తేడా ఉందని మాత్రం కంటికి తెలిసిపోతుంది.

కర్వ్స్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ తెరవండి. ఎరుపు ఛానల్‌ను కిందికి లాగండి. దగ్గరి గోడ మీద కొంచెం, వెనకున్న శిఖరం మీద బాగా. తర్వాత నీలాన్నీ తగ్గించండి. పాచి ఛాయ వస్తుంది. ఇప్పుడు మీరు చేసినది ఏ వీడియోలోనూ చూసి చేసింది కాదు. ఎందుకు చేశారో మీరు చెప్పగలరు. ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు, క్లయింటు ‘రంగు మార్చండి’ అన్నప్పుడు, మిమ్మల్ని నిలబెట్టేది ఆ చెప్పగలగడమే. ఆత్మవిశ్వాసం కోసం అద్దం ముందు నిలబడి గొంతు పెంచుకునేవాళ్లను చూస్తుంటాం. తన పనికి కారణం తెలిసినవాడికి ఆ సాధన అవసరం లేదు. అతడు నెమ్మదిగా చెప్పినా ఎదుటివాళ్లు వింటారు.

తీసేయడం నేర్చుకోండి

కొత్తగా నేర్చుకునే ప్రతివాళ్లకూ చేర్చాలనే తొందర. బుడగలు, చేపలు, కిరణాలు. నీటి అడుగు దృశ్యంలో అసలు పనంతా తీసేయడంలో ఉంది.

ముందు ఆకాశం తీసేయండి. తర్వాత ఫోటోను వేలితో తడుముతున్నట్టు నెమ్మదిగా చూస్తూ, నీళ్లలో నెలల తరబడి నిలవనివన్నీ ఏరండి. గడప మీది పసుపు కుంకుమలు, పూలదండ, అగరుబత్తి పుల్లలు, మెట్ల పక్కన విడిచిన చెప్పులు, కాషాయ జెండా, ఎండిన గడ్డి. ఒక్కోటి తీసేస్తుంటే ‘ఇది నీళ్లలో ఉంటుందా?’ అని మిమ్మల్ని మీరే అడుగుతుంటారు. బొమ్మ సగం అక్కడే తయారవుతుంది.

తర్వాత నీడలు. ఇది చాలామందికి తట్టదు. గాలిలోంచి నీటిలోకి దిగేటప్పుడు కిరణం వంగుతుంది. సూర్యుడు దిగంతానికి ఆనుకుని ఉన్నా సరే, నీటిలోకి దిగిన కిరణం నిలువు గీతకు సుమారు 49 డిగ్రీల లోపే ఉంటుంది. అంటే నీటి కింద వెలుగు ఎప్పుడూ పైనుంచే వస్తుంది. సాయంత్రం పూట తీసిన ఫోటోలో స్తంభాల నీడలు నేల మీద బారుగా పడుకుని ఉంటాయి. అలాంటి ఫోటోను ఎంత ఆకుపచ్చ చేసినా అది నీళ్లలోకి దిగదు. మబ్బు పట్టిన రోజు ఫోటో గానీ నడినెత్తిన ఎండ ఉన్నప్పటి ఫోటో గానీ తీసుకోండి. మొదట్లో సరైన ఫోటో ఎంచుకోవడానికి పెట్టే గంట, తర్వాత పడాల్సిన రోజుల కష్టాన్ని తప్పిస్తుంది. చదువులో, ఉద్యోగంలో కూడా మనం ఈ గంట పెట్టకుండానే పనిలోకి దూకుతాం. తర్వాత కష్టపడుతున్నాం కదా అని సర్దిచెప్పుకుంటాం.

నీడల తర్వాత దూరం. దూరపు కొండలు నునుపు అంటారు మన పెద్దలు. గాలిలో ఆ నునుపు రావడానికి మైళ్ల దూరం కావాలి. నీళ్లలో కొన్ని మీటర్లు చాలు, ఒండ్రు నీటిలో ఇంకా తక్కువ. ఫోటోను మూడు భాగాలుగా మాస్క్ చేసుకోండి. దగ్గరి స్తంభం, మధ్యనున్న గోడ, వెనకున్న శిఖరం. దగ్గరిదాన్ని కొద్దిగా మెత్తబరచండి. గోడ మీది చెక్కడాలు సగం కరిగిపోవాలి. శిఖరానికి గీతలుండకూడదు, ఆకారం మాత్రమే ఉండాలి, అది కూడా నీటి రంగులోనే. వెనక భాగంలో నలుపు ఎక్కడా నలుపుగా ఉండకూడదు. లెవెల్స్‌లో అవుట్‌పుట్ నలుపును పైకి జరపండి. వెనకున్న చీకటి కూడా నీటి రంగు పులుముకుని కనబడుతుంది.

ఇక్కడే చాలామంది మనసు ఒప్పుకోదు. అంత స్పష్టంగా వచ్చిన శిఖరాన్ని, ఖరీదైన లెన్స్‌తో తీసినదాన్ని, ఎలా మసకబార్చడం? మసకబార్చాలి. దృశ్యానికి అక్కర్లేని స్పష్టత ఎంత కష్టపడి సంపాదించినదైనా వదిలేయాలి. సభలో మాట్లాడేవాళ్లు, వ్యాసాలు రాసేవాళ్లు, ప్రాజెక్టు రిపోర్టు తయారుచేసేవాళ్లు ఎక్కువమంది తడబడేది ఇక్కడే. తెలిసిందంతా చెప్పాలనుకుంటారు. అవసరమైనంతే చెప్పి, మిగతాది వెనక మసకగా ఉంచగలగడం పరిణతి. అది వయసుతో రాదు, ఇలాంటి చిన్న చిన్న పనుల్లో సాధన చేస్తే వస్తుంది.

ప్రతిదానికీ కారణం ఉండాలి

ఇప్పుడు చేర్చండి. ఒక్కోటీ చేర్చే ముందు కారణం అడగండి.

నీటి అడుగున నేల మీద వల అల్లినట్టు కదిలే వెలుగు గీతలు చూసి ఉంటారు. పైన అలలు వంపు తిరిగి, ఎండను ఒకచోటికి కూడగట్టడం వల్ల అవి పడతాయి. లోతు తక్కువగా, నీరు తేటగా ఉంటేనే స్పష్టంగా ఉంటాయి. పైకి తిరిగిన ముఖాల మీదే పడతాయి. మెట్ల మీద వేయండి, శిఖరం భుజాల మీద వేయండి. మండపం కప్పు అడుగున వేస్తే అబద్ధం. చాలా బొమ్మల్లో ఈ వలను ఫోటో మొత్తం మీద ఒకే తీరుగా పరిచేస్తారు, ఎవరూ ప్రశ్నించరు. మీరు ప్రశ్నించండి. గోడ వంపును బట్టి ఆ గీతలు వంగాలంటే డిస్‌ప్లేస్ ఫిల్టర్ వాడండి. బ్లెండింగ్ మోడ్ సాఫ్ట్ లైట్, ఒపాసిటీ తక్కువ.

పైనుంచి దిగే కిరణాలు కనబడాలంటే నీటిలో నలుసులుండాలి. వెలుగు వాటికి తగిలి చెదిరితేనే కిరణం మన కంటికి ఆనుతుంది. కాబట్టి కిరణాలు వేసినవాడు నలుసులు వేయాల్సిందే. దగ్గరి నలుసులు పెద్దవిగా, మసకగా. దూరానివి సన్నగా. ఎక్కడా ఒకే పరిమాణంలో వరసగా ఉండకూడదు.

బుడగలు? నీటిలో ఊపిరి వదిలే మనిషి లేడు, పైనుంచి దూకినవాడూ లేడు. అలాంటప్పుడు బుడగల బారు ఎక్కడిది? ఒకవేళ నాచు మీద అంటుకున్న చిన్న బుడగలు చూపించాలనుకుంటే, అవి గుండ్రంగానే ఉంటాయి. పెద్ద బుడగలు పైకి లేచేటప్పుడు అడుగు చదునై గొడుగులా మారతాయి. డౌన్‌లోడ్ చేసిన బ్రష్‌లో ఈ తేడా ఉండదు, అన్నీ గోళీలే.

పగడాలు సముద్రంలో పెరుగుతాయి. ఆ నారింజ రంగు చేప కూడా సముద్రపు జీవే. కృష్ణలో ఉండేవి బొచ్చె, శీలావతి, వాలుగ, కొరమీను. వేస్తే వాటిని వేయండి. చేప లేకపోయినా పరవాలేదు. దానికంటే ముఖ్యమైనది ఒండ్రు. గడప మీద, మెట్ల మీద, విగ్రహాల భుజాల మీద, పైకి తిరిగిన ప్రతి చోటా ఒండ్రు పేరుకుంటుంది. నిలువు గోడ మీద నిలవదు. ఈ ఒక్క వివరం చక్కగా వేసిన బొమ్మ, వంద బుడగలు వేసినదానికంటే నిజంగా ఉంటుంది.

కెమెరా పైకి చూసే దృశ్యమైతే మరో సంగతి. నీటి అడుగు నుంచి తలెత్తి చూస్తే పై లోకమంతా సుమారు 97 డిగ్రీల కోణంలో, ఒక వృత్తంలో ఇరుక్కుని కనబడుతుంది. ఆ వృత్తం బయట నీటి పైపొర అద్దంలా మారి అడుగునే తిరిగి చూపిస్తుంది. ఈతగాళ్లు దీన్ని రోజూ చూస్తారు. పైకి చూస్తున్నట్టు చేసే బొమ్మల్లో ఈ వృత్తం కనబడటం అరుదు.

కల్పనకు ఇన్ని కారణాలు ఎందుకని కొందరడుగుతారు. మాయాబజార్‌కు కెమెరా పట్టిన మార్కస్ బార్ట్లే 1957లో తెర మీద సృష్టించిన వెన్నెలను ఇవాళ్టికీ ఎందుకు తలుచుకుంటున్నాం? అది కల్పిత వెన్నెలే. నిజం వెన్నెల ఎలా పడుతుందో తెలిసిన కన్ను కల్పించింది. కల్పనకు బలం వాస్తవం నుంచే వస్తుందని నమ్మేవాళ్లలో నేనొకణ్ని.

ఒకే ఒక్క అన్‌డూ

ఫోటోషాప్ పుట్టుకకూ నీళ్లకూ సంబంధం ఉంది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న థామస్ నోల్ 1987లో దీని తొలి రూపం రాయడం మొదలుపెట్టాడు. తమ్ముడు జాన్ నోల్ సినిమా గ్రాఫిక్స్ సంస్థ ఐఎల్ఎంలో పనిచేసేవాడు. ఫోటోషాప్ బజారులోకి వచ్చింది 1990 ఫిబ్రవరిలో. అంతకు ముందే, 1989లో వచ్చిన జేమ్స్ కామెరాన్ సినిమా ‘ది అబిస్’లో నీటితోనే తయారైన జీవి కదిలే దృశ్యానికి జాన్ దీన్ని వాడాడు. కథంతా సముద్రపు అడుగునే. ఆ సినిమాకు విజువల్ ఎఫెక్ట్స్‌లో ఆస్కార్ వచ్చింది.

అదే సినిమాకు కామెరాన్ సౌత్ కరోలినాలో సగంలో ఆగిపోయిన అణు విద్యుత్ కేంద్రం తొట్టెను నీళ్లతో నింపి, నటుల్ని అందులో దించాడు. సముద్రపు లోతులోని చీకటి కోసం నీటి పైన నల్ల పూసలు పరిచి ఎండను ఆపాడు. ముప్పై ఏళ్లు గడిచి, కంప్యూటర్లు ఏదైనా చేయగలిగే రోజులొచ్చాక కూడా 2022 నాటి ‘అవతార్’ రెండో భాగానికి మళ్లీ నిజం నీళ్లలోనే నటుల్ని దించాడు. పొడి స్టూడియోలో తాళ్లకు వేలాడదీసి నీళ్లలా చూపించే వీలుంది. అయినా వద్దనుకున్నాడు. ఎంత పెద్ద సాంకేతికత చేతిలో ఉన్నా ముందు నీళ్లను చూడాలనే పట్టుదల అది.

తొలి ఫోటోషాప్‌లో లేయర్లు లేవు. అవి 1994లో, మూడో వెర్షన్‌తో వచ్చాయి. అతికించి సెలక్షన్ వదిలేశాక ఆ ముక్క కింది బొమ్మలో కలిసిపోయేది, మళ్లీ కదిలేది కాదు. వెనక్కి తీసుకోవడానికి ఒకే ఒక్క అన్‌డూ. హిస్టరీ ప్యానెల్ 1998 దాకా రాలేదు. ఆ రోజుల్లో పనిచేసినవాళ్లు ప్రతి అడుగూ ముందే ఆలోచించుకుని వేశారు.

మనకు ఎన్ని అడుగులైనా వెనక్కి వెళ్లే స్వేచ్ఛ ఉంది. ఆ స్వేచ్ఛను రెండు విధాలా వాడుకోవాలి. మొదటిది, భయపడకుండా ప్రయోగం చేయాలి. అసలు ఫోటోను ముట్టకుండా ప్రతి మార్పునూ వేరే లేయర్ మీద, మాస్కుతో చేయండి. నచ్చకపోతే కళ్లు మూసుకుని తీసేయొచ్చు. తప్పు జరిగితే సరిదిద్దుకునే ఏర్పాటు ముందే చేసుకున్నవాడే ధైర్యంగా కొత్తది ప్రయత్నిస్తాడు. పరీక్షకైనా వ్యాపారానికైనా ఇది వర్తిస్తుంది. రెండోది, ప్రతి లేయర్‌కూ పేరు పెట్టండి. ‘వెనక ఒండ్రు’, ‘మెట్ల వెలుగు’, ‘దగ్గరి నలుసులు’. ఆరు నెలల తర్వాత ఫైలు తెరిచిన మీకూ, మీ తర్వాత ఆ ఫైలు అందుకునే సహోద్యోగికీ అది మర్యాద. పేర్లు పెట్టని ఫైలు చూస్తే చేసినవాడి గురించి నాకు సగం తెలిసిపోతుంది.

ఫోటోషాప్ కొనలేకపోతే దొంగ కాపీ వెతకొద్దు. బర్కిలీలో చదువుకునే ఇద్దరు విద్యార్థులు 1995లో మొదలుపెట్టిన జింప్ ఉచితం. బ్రౌజర్లో నడిచే ఫోటోపీ ఉంది. ఇప్పటిదాకా చెప్పిన కర్వ్స్, మాస్కులు, బ్లెండింగ్ మోడ్‌లు అన్నీ వాటిలోనూ ఉన్నాయి.

ఎవరికి చూపించాలి

బొమ్మ అయ్యాక స్నేహితుల గ్రూపులో పెడతారు. చప్పట్లు వస్తాయి. అవి వద్దని అనను. అసలు తీర్పు కోసం మాత్రం నీళ్లు తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లండి. సంగమేశ్వరం దగ్గర పుట్టి నడిపేవాళ్లున్నారు, వల వేసేవాళ్లున్నారు. వాళ్లకు ఫోటోషాప్ తెలియదు. ‘ఆగస్టులో నీళ్లు ఇంత తేటగా ఎక్కడుంటాయి సార్?’ అని ఒక్క మాట అంటారు. ఆ మాట విని చిన్నబుచ్చుకోకుండా, ఇంటికొచ్చి ఒపాసిటీ మార్చినవాడు మరో మెట్టు ఎక్కాడు. మన రంగం కానివాళ్ల మాట వినడానికి అహం అడ్డొస్తుంది. వాళ్లకు మన పనిముట్లు తెలియకపోవచ్చు, మనం గీస్తున్న వస్తువు మనకంటే బాగా తెలుసు.

ఇప్పుడు చాలామంది మనసులో ఉన్న ప్రశ్న. 2023లో ఫోటోషాప్‌లోనే జెనరేటివ్ ఫిల్ వచ్చింది. మాట టైపు చేస్తే మునిగిన గుడి క్షణాల్లో వస్తుంది. ఇంత శ్రమ ఎందుకు? వాడుకోండి, నాకు అభ్యంతరం లేదు. అది కృష్ణ అడుగున పగడాలు మొలిపిస్తే పట్టుకునేదెవరు? మండపం కప్పు కింద వెలుగు గీతలు పరిస్తే ‘ఇది తప్పు’ అనేదెవరు? యంత్రం ఇచ్చిన నాలుగింటిలో ఏది నిజానికి దగ్గరగా ఉందో చెప్పగలిగిన మనిషికి పని ఉంటుంది. నాలుగూ ఒకేలా కనిపించేవాడికి కష్టం.

ఇంకో మాట, చాలా ముఖ్యం. బొమ్మ బాగా కుదిరితే జనం నిజమనుకుంటారు. ‘నీళ్లలో బయటపడ్డ ప్రాచీన ఆలయం’ అని రాసి ఎవరో వాట్సాప్‌లో తిప్పుతారు. గుడి, దేవుడు, ముంపు, మూడూ జనం మనసుకు దగ్గరి విషయాలు. అందుకని బొమ్మ మీదే, మూలన, చదివే సైజులో ‘కల్పిత చిత్రం’ అని రాయండి. అది రాస్తే బొమ్మ విలువ తగ్గుతుందని భయపడకండి. నమ్మించగల నైపుణ్యం సంపాదించినవాడికి, నమ్మకాన్ని కాపాడే బాధ్యత కూడా వస్తుంది. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఇక మీరు చేయాల్సింది. 1865లో ఏంజెలో సెక్కి అనే ఇటలీ శాస్త్రవేత్త ఓడ మీంచి తెల్లటి పళ్లాన్ని తాడుతో సముద్రంలోకి దించి, అది ఎంత లోతున కనుమరుగవుతుందో కొలిచాడు. నీటి తేటదనం తెలుసుకోవడానికి సరస్సుల మీద పరిశోధన చేసేవాళ్లు ఇప్పటికీ ఆ పద్ధతే వాడుతున్నారు. మీ ఊళ్లో గట్టి గోడ ఉన్న బావి దగ్గరికి, పెద్దవాళ్లెవరినైనా తోడు తీసుకుని వెళ్లండి. తెల్ల పళ్లెం ఒకటి తాడుకు కట్టి దించండి. తెలుపు ముందు ఏ రంగుకు తిరిగిందో, అంచు ఎక్కడ మసకబారిందో, ఎన్ని మూరల దగ్గర మాయమైందో రాసుకోండి. ఫోటో కోసం మాత్రం బావిలోకి గానీ జలాశయంలోకి గానీ దిగకండి. ఏటా ఎంతమంది పిల్లలు ఆ సరదాకు బలవుతున్నారో పేపర్లో చదువుతూనే ఉన్నాం.

పళ్లెం, తాడు, నోటుబుక్కు చాలు. ఈ ఆదివారం వెళ్లండి. కంప్యూటర్ సోమవారం తెరవొచ్చు.